ఆడపిల్లలకు ఆపేసిన నడక

పోయిన నెలలో నాగవేణి హిందూపురం వచ్చింది. ఎవరికో రెండు చీరలు ఇచ్చి, తిరుగు బస్సుకు టైముందని మా ఇంట్లో ఒక గంట కూర్చుని పోయింది. తను వెళ్ళిన రోజు నుంచి నాకు సరిగా నిద్ర లేదు. పాప, వాళ్ళ నాయన పడుకున్నాక వంటింట్లో కూర్చుని ఇది రాస్తున్నాను. చిన్ననాటి సంగతులు రాసేవాళ్ళు మురిపెంగా రాస్తారు. మురిపెంగా రాయడానికి నా దగ్గర కూడా చాలానే ఉన్నాయి. కానీ వాటి దగ్గరికి పోవాలని కూర్చున్న ప్రతిసారీ ముందు కోపమే వస్తోంది. రానీ అని ఈసారి దాన్నే ముందు పెట్టుకుని రాస్తున్నాను.

నాగవేణిదీ నాదీ ధర్మవరంలో ఒకే వీధి. తొమ్మిదో తరగతి సగం దాకా ఒకే బెంచీ. మా వీధిలో అందరివీ మగ్గాల ఇళ్ళే. చలికాలం వస్తే మా ఇంట్లో తెల్లవారక ముందే మొదట అవ్వ దగ్గు, ఆ వెనకే నాయన మగ్గం వినపడేవి. మగ్గం గుంతలో కాళ్ళకు చలి పట్టకుండా అవ్వ అడుగున గోనెపట్ట పరిచి, పరిచినందుకు ప్రతిరోజూ నాయనను తిట్టేది, తనే పరుచుకోవచ్చు గదా అని. రంగు వేసి ఆరబెట్టిన పట్టుకు ఒక పుల్లటి వాసన ఉంటుంది. చలికి తలుపులు మూసుకునే ఆ నెలల్లో ఇల్లంతా, మా దుప్పట్లు, తలవెంట్రుకలు, బడి సంచి, అన్నీ ఆ వాసనే వేసేవి. బడిలో వేరే వీధి పిల్లలు ముక్కు మూసుకుని ఎగతాళి చేసేవారు. నాగవేణి మాత్రం తన జడ చివర వాళ్ళ ముఖాల మీద ఆడించి, "వాసన సూసుకోండి, మీ యమ్మల పెండ్లి చీరలు గూడా ఇదే వాసన" అనేది.

పొద్దున్నే వీధి పొడుగునా పడుగు చాపేవారు. పడుగంటే చీరకు నిలువుగా ఉండే పోగులన్నీ. వేల పోగులు గుంజల మీద సాగదీసి, తెగినవి వెతికి అతుకుతూ పెద్దవాళ్ళు అటూ ఇటూ నడుస్తుంటారు. ఒక సైకిలు దూరినా, ఒక మేక దూరినా ఆ పూట పని మట్టి. అందుకని వీధి మొదట్లో వేపకొమ్మ ఒకటి విరిచి దారికి అడ్డంగా పడేసి, గాలికి పోకుండా దాని మీద ఒక రాయి పెట్టేవారు. రాయి పెట్టిన కొమ్మ కనపడితే ఇటు రావద్దని అర్థం. మా వీధి పిల్లలకు అక్షరాల కన్నా ముందు ఒంటికి పట్టే చదువు అది. మూడేళ్ళ పిల్ల కూడా పరిగెత్తుకుంటూ వచ్చి, కొమ్మ చూసి, ఎవరూ చెప్పకుండానే పక్క సందులోకి తిరిగిపోయేది.

ఆదివారం మాకు సెలవు కాదు. కండెలు చుట్టే రోజు. వారమంతా మగ్గానికి కావలసిన దారం ఆ ఒక్క రోజులో మేం చుట్టిపెట్టాలి. అలాంటి ఆదివారాలను మా చేతికి తెచ్చి ఇచ్చినవాడు సోషల్ సారు. తాడిమర్రి పక్క ఒక పల్లె ఆయనది. గొర్రెలు మేపే ఇంటి నుంచి చదువుకుని వచ్చినవాడు. కార్తీకం దాటి చలి ముదిరాక, రెండు వారాలకు ఒకసారి, ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల్ని ప్యాసింజరు రైల్లో పెనుకొండకు తీసుకుపోయి, కొండ చుట్టుపక్కల దారుల్లో పొద్దు వాలేదాకా నడిపించి మళ్ళీ రైలెక్కించేవాడు. మగపిల్లలకు అది ఎప్పటినుంచో ఉంది. ఆడపిల్లల్ని కూడా తీసుకుపోతానని మా ఏడాదే మొదలుపెట్టాడు. అందుకోసం ఇల్లిల్లూ తిరిగాడు. మా ఇంటికి వచ్చి మగ్గం గుంత అంచున కూర్చున్నది నాకు బాగా గుర్తు.

"ఏమప్పా, ఒక్కపూట పిల్ల కండెలు సుట్టకపోతే చీర పారిపోతాదా?" అన్నాడు నాయనతో.

నాయన నవ్వి ఊరుకున్నాడు. ఆకువక్క నములుతున్న అవ్వ ఊరుకోలేదు. "చీర యాడికీ పారిపోదు సామీ. ఆడపిల్లల సంగతే సెప్పలేము."

"అవ్వా, నా బిడ్డల మాదిరి తోడ్కపోతా, నా బిడ్డల మాదిరి తోడ్కొస్తా. ఏమన్నా అయితే నన్ను అడుగు."

నన్ను అడుగు అన్నాడు. ఆ మాట నేను చెవులారా విన్నాను.

ఆ నడకల గురించి చెప్పమంటే తెల్లారేదాకా చెప్పగలను. శనివారం చీకటి పడేలోపే కండెలన్నీ చుట్టేసేవాళ్ళం, వేళ్ళు కోసుకుపోయినా. అవ్వ సణుగుతూనే చిత్రాన్నం కలిపి, పైన శెనిక్కాయల పొడి వేసి విస్తరాకులో కట్టి ఇచ్చేది. రైలు దిగి ఊరు దాటగానే చలిగాలిలో గుట్టల మీది బోదగడ్డి వాసన కొట్టేది. పద్నాలుగేళ్ళు వచ్చేదాకా పట్టు వాసన తప్ప ఏమీ ఎరగని ముక్కుకు ఆ వాసన ఎంత కొత్తగా ఉండేదో చెప్పలేను. సారు ముందు నడిచేవాడు. పాత కోట గోడ రాళ్ళ మీద చెయ్యి పెట్టి చూడమనేవాడు, ఎండిన వాగులో ఇసుక తవ్వి అడుగున తడి చూపించేవాడు, ఏ ఆకు గొర్రె తింటుందో ఏది తినదో చెప్పేవాడు. మధ్యాహ్నం అందరి పొట్లాలూ ఒకచోట విప్పించేవాడు. రెండు నడకలు అలా అయ్యాయి. మూడోదే మాకు ఆఖరిది.

ఆ రోజు మేం అయిదుగురం ఆడపిల్లలం వెనకబడ్డాం. దారి పక్క రేగుముళ్ళ పొదల్లో రేణిపండ్లు విరగకాసి ఉన్నాయి. గౌనులు చీరుకుపోతున్నా వదలకుండా కోసుకుని, ఒళ్ళో పోసుకుని తలెత్తేసరికి ముందు వాళ్ళ మాటలు వినపడటం లేదు. భయపడలేదు. దారి ఉంది, ఆ దారినే పోతే కలుస్తాం అనుకున్నాం. గుట్ట మలుపు తిరగ్గానే దారి రెండుగా చీలింది. ఎడమ దారిలో అప్పుడే విరిచిన పచ్చి కొమ్మ ఒకటి, దాని మీద రాయి.

నాగవేణి ముందర నడుస్తోంది. కొమ్మ చూసి, రెండు చేతులూ చాచి మమ్మల్ని ఆపి, కుడివైపు తిరిగింది. మేమంతా తిరిగాం. ఎవరూ ఆలోచించలేదు. ఇటు పోవద్దని సారే పెట్టి ఉంటాడు, ఆ పక్క తేనెటీగలో గుంతో ఉన్నాయేమో అని ఒకరం అనుకున్నాం, అంతే.

ఆ కొమ్మ నిజంగా సారు పెట్టిందే. గొర్రెల కాపరులకు అది వేరే గుర్తని నాకు చాలా తర్వాత తెలిసింది. ముందు పోయినవాడు వెనక వచ్చేవాడి కోసం కొమ్మ విరిచి రాయి పెట్టి పోతాడు, నేను ఈ దారినే పోయాను, నువ్వూ ఇటే రా అని. చిన్నప్పటి నుంచి అదే చేసినవాడు, అది తెలియని మనుషులు ఉంటారని ఆయనకు తట్టి ఉండదు. కొమ్మకు ఇంకో అర్థం ఉంటుందని మాకూ తట్టలేదు. తప్పు ఎవరిదీ కాదు. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా నా కోపమంతా దాని మీదే. తప్పు ఎవరిదీ కాని ఒక సంగతికి శిక్ష మాత్రం అయిదుగురికి వేశారు.

కుడి దారి మమ్మల్ని గుట్ట అవతలికి తీసుకుపోయింది. రెండు గంటలు నడిచి ఒక గొర్రెల దొడ్డి దగ్గర తేలాం. దొడ్డి ముందు కూర్చున్న ఒక పెద్దామె మమ్మల్ని పైనుంచి కిందికి చూసింది.

"యాడోళ్ళు మే మీరు?"

"ధర్మారం."

"ధర్మారమోళ్ళు ఈ గుట్టల్లో ఏం నేస్తాండారు?"

నాగవేణి తడుముకోకుండా, "నూలు అయిపోయిందవ్వా, నీ గొర్రెల బొచ్చు అడుగుదామని వస్తిమి" అంది. ఆమె పడి పడి నవ్వి, కడుపు నిండా మజ్జిగ పోసింది. వాళ్ళాయన కర్ర పట్టుకుని మమ్మల్ని రోడ్డు దాకా, అక్కడి నుంచి స్టేషను దాకా నడిపించుకుంటూ వచ్చి వదిలిపెట్టాడు. పొద్దు గూకలేదు కూడా. సారు ప్లాట్‌ఫారం మీద నిలబడి మా అయిదుగురి తలలూ ముట్టుకుని లెక్కపెట్టాడు, మళ్ళీ లెక్కపెట్టాడు. మాకోసం వెతుకుతూ సారుకు ఎక్కాల్సిన రైలు తప్పింది; ఆ రైల్లో ముందే ఇల్లు చేరిన మగపిల్లల నోట, తర్వాతి రైల్లో మేం చేరేలోపే కబురు వీధిని చేరింది.

మరుసటి రోజు హెడ్మాస్టరు గదిలో మమ్మల్ని గోడకు నిలబెట్టారు. మా నాయనలు అయిదుగురూ ఒక పక్క, సారు కిటికీ దగ్గర. దారి ఎట్లా తప్పింది అని ఎవరూ అడగలేదు. ఎవరైనా ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే నేను ఈరోజు ఇది రాసే పని ఉండేది కాదు. వాళ్ళు అడిగింది, "ఎవురిని కలిసేకి పోతిరి?"

"ఎవురినీ లేదు సార్. దోవలో కొమ్మేసి రాయి పెట్టింటే, ఈ పక్క పోకూడదేమో అని ఆ పక్క పోతిమి" అన్నాను. నా గొంతు నాకే వినపడనంత చిన్నగా అన్నాను, కానీ అన్నాను.

"కొమ్మంట! రాయంట!" అన్నాడు హెడ్మాస్టరు. "కతలు సెప్పద్దండి. మగపిల్లోళ్ళు ఇరవై మంది తప్పని దోవ మీకెట్ల తప్పింది?"

నేను సారు వైపు చూశాను. కొమ్మ అనగానే ఆయన తల ఎత్తాడు. ఆయనకు అర్థమైంది. అర్థమైన ముఖం ఎలా ఉంటుందో పద్నాలుగేళ్ళ పిల్లకు కూడా తెలుస్తుంది. నోరు తెరిచాడు. తర్వాత మూసుకున్నాడు. గుర్తు పెట్టింది నేనే, అది వీళ్ళకు చెప్పకపోవడం నా పొరపాటు అని ఆ గదిలో ఒక్క మాట చెబితే చాలు. ఆయన కిటికీ బయటికి చూశాడు. ఆయన మంచివాడు కాదని నేను అనను. మా ఇళ్ళ గుమ్మాలు ఎక్కి మమ్మల్ని బయటికి తెచ్చినవాడు ఇంకొకడు లేడు. ఆ మంచివాడు మాట్లాడాల్సిన చోట నోరు కట్టుకున్నాడు. చెడ్డవాళ్ళ మీద కోపం ఎప్పుడో చల్లారింది గాని, ఆయన మీది కోపం మాత్రం అలాగే ఉంది.

తర్వాత హెడ్మాస్టరు ఇంకో ప్రశ్న అడిగాడు. "ముందర నడిసింది ఎవురు?"

నాయన నా వైపు చూస్తున్నాడు. "నాగవేణి సార్" అన్నాను నేను.

అది నిజమే. అబద్ధం చెప్పి ఉంటే ఈపాటికి మరిచిపోయి ఉండేదాన్నేమో.

ఆ వారమే నాగవేణిని బడి మానిపించారు. అందరినీ వెంటేసుకుపోయిన పిల్ల అన్నారు వీధిలో. ఎక్కడికి వెంటేసుకుపోయిందో, ఎందుకు వెంటేసుకుపోయిందో వీధి తనకు నచ్చినట్టు కల్పించుకుంది. వాళ్ళింట్లో రెండో మగ్గం ఖాళీగా ఉంది, దాని మీద కూర్చోబెట్టారు. నన్ను మానిపించకపోవడానికి కారణం నా పేరు ముందు రాకపోవడం, అంతే. నేను డిగ్రీ చదివాను. ఆడపిల్లల నడక ఆ రోజుతో ఆగిపోయింది. మగపిల్లల నడక మాత్రం రెండు వారాలకు మళ్ళీ బయలుదేరింది, అదే రైలు, అదే సారు. ఆ ఆదివారం నేను కండెలు చుడుతూ కూర్చుని, వీధిలో మగపిల్లలు సద్దిమూటలు ఊపుకుంటూ స్టేషనుకు పోవడం చూశాను. అవ్వ నా పక్కన కూర్చుని తనూ ఒక రాట్నం తీసుకుంది. "నేనే ముందు అంటిని గదా" అని మాత్రం అనలేదు. అని ఉంటే బాగుండేదనిపించింది, కనీసం ఎదురు మాట్లాడేదాన్ని.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, మా పాప మేఘన నాలుగో తరగతి. హిందూపురంలో తను చదివే బడివాళ్ళు ఈ చలికాలం ఆదివారాల్లో పిల్లల్ని నడకకు తీసుకుపోతామని కాగితం పంపారు. మొదటిది పెనుకొండకే. ఇప్పుడు బస్సు ఉంది, వెంట నలుగురు పంతుళ్ళు, వాళ్ళ చేతుల్లో ఫోన్లు, పిల్లలకు టోపీలు, నీళ్ళ సీసాలు. ఆ రోజుల్లో మాకు ఇందులో ఒక్కటీ లేదు. భయం కూడా లేదు. ఇప్పుడు అన్నీ ఉన్నాయి, నాకు భయమే మిగిలింది. పాప మెట్లు దిగుతుంటే గుండె జారుతుంది. ఆటోలో పక్కన ఎవరు కూర్చున్నారో రోజూ అడుగుతాను. కాగితం మీద 'పంపడం లేదు' అన్నచోట గీత పెట్టి, కారణం దగ్గర దగ్గు అని రాశాను. మా ఆయన చూసి, "పోనీలే, నీ ఇష్టం" అన్నాడు. ఆ కాగితం ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉన్నప్పుడు నాగవేణి వచ్చింది.

పాప ఆమెను చూసిన పది నిమిషాలకే ఒళ్ళో చేరి ఫిర్యాదు చేసింది. "పిన్నీ, అందరూ కొండకు పోతాండారు. అమ్మ నన్ను పంపీదంట."

"ఎందుకు పంపీవే?" అంది నాగవేణి నన్ను.

"చలి గదా. దానికి దగ్గు."

"ఏది పాపా, దగ్గు ఒకతూరి."

"నాకు దగ్గు ల్యా" అంది మేఘన. "అమ్మ ఊరికే రాసింది."

నాగవేణి నన్ను చూడలేదు. పాపను సర్దుకుని కూర్చోబెట్టుకుని, ఆ రోజు కథంతా చెప్పడం మొదలుపెట్టింది. రేణిపండ్లు, కొమ్మ, గొర్రెల దొడ్డి, మజ్జిగ. చెబుతూ చెబుతూ నవ్వింది. పాప కూడా కిందా మీదా పడి నవ్వింది. నేను వంటింటి గడపలో నిలబడి వింటున్నాను. ఇన్నేళ్ళూ నేను ఆ రోజును ఒక పీడకలలాగా మోస్తున్నాను. నాగవేణి దాన్ని పండగ రోజులాగా చెబుతోంది. హెడ్మాస్టరు గది ఆ కథలో లేనే లేదు.

పాప ఆడుకోవడానికి బయటికి పోయాక ఆగలేకపోయాను. "నీ పేరు సెప్పింది నేనే మే."

"తెలుసులేవే. ముందర నడిసింది నేనే గదా. ఇంగెవురి పేరు సెప్తావు?" కాఫీ గ్లాసు కింద పెట్టింది. "నా పేరు సెప్పినావని నాకు యాపొద్దూ కోపం ల్యా. సదువుకుంటివి, కాలేజికి పోతివి, ఇంగ్లీషు మాట్లాడతావు. ఆ కొమ్మ సంగతి ఒక్కతూరన్నా మళ్ళ ఎవురికన్నా సెప్పినావా? మా నాయనకు సెప్పినావా? మా నాయన సచ్చేదాకా, నేను ఎవునికోసరమో ఆ పక్క తిరిగితినని అనుకోనే సచ్చిపాయ."

నేను ఆ గ్లాసు తీసి పక్కన పెట్టాను.

"ఇబుడు నీ పాపకు దగ్గంట" అంది లేస్తూ. "నన్ను మగ్గం మీద కూర్సోబెట్టినోళ్ళు గూడా ఇట్లే ఏందో ఒకటి సెప్పినారు. కంటిసూపు తక్కువని సెప్పినారు బడిలో. తెలుసునా నీకు?"

తెలియదు. అదే బడిలో, అదే బెంచీ మీద ఉండి కూడా నాకు తెలియదు.

మర్నాడు బడికి పోయి ఇంకో కాగితం అడిగాను. నడకలు చూసుకునే మేడం చిన్నమ్మాయి, పాతికేళ్ళు ఉంటాయేమో. ఆమె ముందు పెట్టిన జాబితాలో వాళ్ళ క్లాసు మగపిల్లలందరి పేర్లూ ఉన్నాయి. ఆడపిల్లలవి నాలుగు. మిగతా వాళ్ళకు ఏమైంది అని అడిగాను. "దగ్గు, జ్వరం, ఊరికి పోతాండారు" అంది నవ్వుతూ. అక్కడ నేను గొంతు పెంచాను. ఆమె మీద కాదు, కానీ ఆ గదిలో ఆమే ఉంది, పాపం. దారి చీలిన చోట ఏం చేస్తారు, వెనకబడిన పిల్లకు ఎటు పోవాలో ఎట్లా తెలుస్తుంది, ఆ గుర్తేమిటో బయలుదేరే ముందే ప్రతి పిల్లకూ చెబుతారా, ఏదన్నా అయితే పిల్లల్ని మొదట ఏమని అడుగుతారు అని నిలదీశాను.

"అమ్మా, ఇన్ని ప్రశ్నలు ఎవ్వరూ అడగలేదు" అంది మేడం, కొంచెం విసుగ్గా.

"ఎవురూ అడగరు. అందుకే అడుగుతాండా" అన్నాను. ఆమె పుస్తకం తీసి అన్నీ రాసుకుంది. నేను సంతకం పెట్టాను.

ఈ ఆదివారం పాప వెళ్ళింది. పొద్దున్నుంచి నేను అన్నం తినలేదు. ఫోను చేతిలోంచి దించలేదు. బస్సు తిరిగి రావాల్సిన టైముకు అరగంట ముందే బడి గేటు దగ్గర నిలబడ్డాను. చెప్పిన టైముకే వచ్చింది. పాప దిగింది. గౌను అంచుకు గడ్డిగింజలు, మోకాలి మీద చిన్న గీత, ముఖమంతా దుమ్ము.

"ఎట్లుండె?"

"బాగుండె. కొండెక్కితిమి, దిగితిమి. అమ్మా, ఆకలైతాంది."

ఇంటికి వచ్చి రెండు దోసెలు తిని, కాళ్ళు కూడా కడుక్కోకుండా సోఫాలో నిద్రపోయింది. నేను నాగవేణికి ఫోన్ చేశాను.

"వచ్చిందా పాప?" అంది.

"వచ్చింది."

"ఏమన్నా అయిందా?"

"ఏమీ కాలేదు. తిని పడుకుండాది."

సోఫాలో పాప కాళ్ళ మీద దుప్పటి కప్పాను.

"ఇంతే గదా మే," అంది నాగవేణి. ఆ గొంతులో నవ్వు లేదు. "ఇంత దానికి నన్ను బడి..."

ఆ మాట తను పూర్తి చేయలేదు. నేనూ చేయలేకపోయాను.